ఈబేలో కార్డుల వేలం: ఒకటి వంగిపోయి చేరింది, ప్యాకింగ్ ఎలా చేయాలో చెప్పండి

బేస్‌మెంట్‌నాన్న | శుక్రవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. 2011లో మా అబ్బాయికి ఆరేళ్లు. సరుకులకి వెళ్లినప్పుడల్లా బిల్లు కౌంటర్ దగ్గరుండే బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ ఒకటి కొనిపించుకునేవాడు. తర్వాత మా పక్కింటి పెద్దాయన, రిటైరైన స్కూల్ టీచర్, ఇల్లు అమ్మేసి ఫ్లోరిడా వెళ్లిపోతూ తన రెండు పెట్టెల కార్డులు కూడా వీడికే ఇచ్చి వెళ్లారు. ఇప్పుడు వాడు కాలేజీలో ఉన్నాడు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు తనకి కావలసినవి ఓ ముప్పై ఏరి పక్కన పెట్టుకుని, "మిగతావి అమ్మేయండి నాన్నా, వచ్చిన డబ్బులు నా ల్యాప్‌టాప్‌కి" అన్నాడు.

ఈబేలో వేలానికి పెట్టాను. మొదటి విడతలో ఎనిమిది పోయాయి. ఏడు క్షేమంగా చేరాయి. ఎనిమిదోది టాప్స్ కంపెనీ 1985 సెట్టులోది, మార్క్ మగ్వైర్ ఒలింపిక్ జట్టు కార్డు. 14 డాలర్లకి పాడారు. పల్చటి ప్లాస్టిక్ స్లీవ్‌లో వేసి, సీరియల్ డబ్బా అట్ట ముందొకటి వెనకొకటి పెట్టి, మామూలు తెల్ల కవర్లో స్టాంపు అంటించి పంపాను. కొన్నాయన ఫొటో పంపారు. కార్డు నడుమ అడ్డంగా తెల్లటి మడత గీత. డబ్బు వెంటనే వాపసు ఇచ్చేశాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, "నా సెట్టులో ఇదొక్కటే తక్కువ, అందుకే బాధ" అని మాత్రం రాశారు. తిట్టినా బాగుండేది. రెండు రోజులుగా మనసు అక్కడే ఉంది.

ఇంకా రెండు మంచి కార్డులున్నాయి. 1989 అప్పర్ డెక్ కంపెనీ కెన్ గ్రిఫీ జూనియర్, 2011 టాప్స్ అప్‌డేట్ మైక్ ట్రౌట్. వీటికి మళ్లీ అలా జరగకూడదు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

టెక్సాస్‌మామ | శుక్రవారం రాత్రి 11:25

ముందు ఒక మాట. డబ్బు వెంటనే వెనక్కి ఇచ్చేశారు చూడండి, అది చాలా మంచి పని చేశారు. ఫ్రిస్కోలో తొమ్మిదేళ్లుగా అమ్ముతున్నాను, ఎక్కువగా బాస్కెట్‌బాల్. నేనూ మొదట్లో సీరియల్ అట్టే వాడాను. అది పల్చటి అట్ట, కార్డుతో పాటే వంగుతుంది, కాపాడదు.

గ్రిఫీ, ట్రౌట్ రెండూ టాప్‌లోడర్‌లో, అంటే గట్టి ప్లాస్టిక్ తొడుగులో వేసి, బబుల్ మెయిలర్‌లో (లోపల గాలిబుడగల పొర ఉండే కవరు) పెట్టి, ట్రాకింగ్ ఉన్న పార్శిల్‌గా పంపండి. యూఎస్‌పీఎస్ (అమెరికా పోస్టు) వాళ్ల గ్రౌండ్ అడ్వాంటేజ్ చాలు, 2023 జులైలో పాత ఫస్ట్ క్లాస్ ప్యాకేజీ స్థానంలో వచ్చింది. 100 డాలర్ల దాకా బీమా అందులోనే ఉంటుంది. ట్రౌట్ అంతకన్నా ఎక్కువకి పోతే పైదానికి అదనపు బీమా కట్టండి.

సెంటరింగ్ | శుక్రవారం రాత్రి 11:31

అంకుల్, 2011 అప్‌డేట్ ట్రౌట్ అంటే యూఎస్175 నంబరా? వెనక చూడండి. అదైతే ట్రౌట్ రూకీ కార్డు, అంటే ఆటలోకి కొత్తగా వచ్చినప్పటిది. పైగా ఆయన మీ రాష్ట్రం వాడే, మిల్‌విల్ కుర్రాడు. తొందరపడి పెట్టకండి, ముందు నాలుగు మూలల ఫొటోలు ఇక్కడ పెట్టండి.

కొలంబస్‌అక్క | శనివారం ఉదయం 8:05

నేను మా వాడికోసం కొంటాను, డబుల్స్ వస్తే అమ్ముతాను. రెండు వైపులా ఉన్నాను కాబట్టి పెట్టె విప్పేవాళ్ల సంగతి కూడా తెలుసు. నేను చేసే పద్ధతి మొత్తం రాస్తాను, కాస్త పెద్దదవుతుంది.

కార్డు మామూలు సైజు రెండున్నర అంగుళాలు బై మూడున్నర. ముందు పెన్నీ స్లీవ్‌లోకి, అదే మీరు వాడిన పల్చటి ప్లాస్టిక్ స్లీవ్. చాలామంది మూలలు పాడుచేసుకునేది ఇక్కడే, పోస్టులో కాదు. స్లీవ్ నోటి దగ్గర ఒక మూల కత్తెరతో చిన్నగా ఏటవాలుగా కత్తిరించండి. కార్డు ఆ వైపు నుంచి తోస్తే అంచుకి తగలకుండా జారిపోతుంది. తర్వాత టాప్‌లోడర్. మామూలు కార్డుకి 35 పాయింట్ల మందంది సరిపోతుంది. జెర్సీ ముక్క ఉండే లావు కార్డులైతే 100, 130 పాయింట్లవి వేరే కొనాలి. లావు కార్డుని పల్చటి దాంట్లోకి బలవంతంగా దూరిస్తే అంచులు రేగిపోతాయి.

టాప్‌లోడర్ నోరు మూయకపోతే దారిలో కార్డు పైకి జారి అంచు బయటికొస్తుంది. మూయడానికి దయచేసి పారదర్శక టేపు వాడకండి. గోడలకి రంగు వేసేటప్పుడు వాడే నీలం పెయింటర్స్ టేపు వాడండి. ఒక ముక్క అడ్డంగా అంటించి చివర కొంచెం మడతపెట్టి వదలండి. కొన్నవాళ్లు ఆ మడత పట్టుకుని లాగితే ఊడి వస్తుంది, జిగురు మిగలదు. ఒకసారి నాకొచ్చిన టాప్‌లోడర్‌కి చుట్టూరా ప్యాకింగ్ టేపు నాలుగు వరసలు చుట్టారు. చాకుతో కోస్తూ కార్డు ఎక్కడ తెగుతుందోనని ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను. నీలం టేపు కూడా వద్దనుకుంటే టాప్‌లోడర్‌ని టీమ్ బ్యాగ్ అనే చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి దాని అంటింపు మూసేయండి.

ఇక అట్ట. ఇంటికి వచ్చే పార్శిల్ డబ్బాల ముడతల అట్ట, లోపల అలలు ఉంటాయే అది. టాప్‌లోడర్ కంటే అన్ని వైపులా కొంచెం పెద్దగా రెండు ముక్కలు కోయండి. ఒకదానిలో అలలు నిలువుగా, రెండోదానిలో అడ్డంగా ఉండేట్టు పెడితే ఏ వైపు నుంచి ఒత్తినా వంగదు. మధ్యలో టాప్‌లోడర్ పెట్టి, కదలకుండా నీలం టేపుతోనే ఒక చుట్టు చుట్టండి. నాలుగు బై ఎనిమిది బబుల్ మెయిలర్‌లో సరిగ్గా పడుతుంది. మూసేముందు చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. లోపల ఏదీ కదిలిన చప్పుడు రాకూడదు.

బేస్‌మెంట్‌నాన్న | శనివారం ఉదయం 8:50

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. ఇప్పుడే పెయింటర్స్ టేపు గ్యారేజీలో దొరికింది. టాప్‌లోడర్లు, మెయిలర్లు ఆర్డర్ పెట్టాను.

ఒక సందేహం. మూడు నాలుగు డాలర్ల కార్డులు చాలా ఉన్నాయి. వాటికి కూడా బబుల్ మెయిలర్, ట్రాకింగ్ అంటే పోస్టేజీయే కార్డు ఖరీదు దాటిపోతోంది. వాటిని ఏం చేయాలి?

టెక్సాస్‌మామ | శనివారం ఉదయం 9:15

వాటికోసమే ఈబే 2021లో స్టాండర్డ్ ఎన్వలప్ పెట్టింది. 20 డాలర్ల లోపు కార్డులకి వాడొచ్చు. ఉత్తరంలాగే వెళ్తుంది, కానీ లేబుల్ మీద బార్‌కోడ్ ఉంటుంది కాబట్టి ఎంతవరకు చేరిందో తెలుస్తుంది. బరువు 3 ఔన్సులు, మందం పావు అంగుళం దాటకూడదు. పార్శిల్‌కి నాలుగైదు డాలర్లు పోయేచోట డాలరు అటూ ఇటుగా అయిపోతుంది. మీ మగ్వైర్ కార్డు కూడా ఇందులో వెళ్లాల్సిందే. ఉత్త స్టాంపు కవరైతే చేరిందని చూపించడానికి మీ దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు. కొన్నవాళ్లు "రాలేదు" అంటే డబ్బు ఇచ్చేయాల్సిందే.

సెంటరింగ్ | శనివారం ఉదయం 9:22

నేను కవర్లో కూడా టాప్‌లోడర్ పెట్టేస్తా. ఇప్పటివరకు ఏం కాలేదు.

ఉత్తరాలపెట్టె | శనివారం మధ్యాహ్నం 1:40

ఇక్కడ నేను కల్పించుకోవాలి. ఉత్తరాలు వేరుచేసే ప్లాంటులో రాత్రి షిఫ్టు చేస్తాను. కవరు లోపల ఏం జరుగుతుందో నాకు రోజూ కనబడుతుంది.

ఉత్తరాలు మెషిన్‌లో నిలబడి వెళ్తాయి. రెండు పక్కలా బెల్టులు పట్టుకుని లాక్కుపోతాయి, మలుపుల దగ్గర గుండ్రటి రోలర్ల చుట్టూ తిప్పుతాయి. గంటకి ముప్పై వేలకు పైగా ఉత్తరాలు. మన ఊళ్లో చెరకు రసం బండిలో గడ ఎలా దూరుతుందో గుర్తు తెచ్చుకోండి, కవరు అలా రోలర్ల మధ్య నుంచి పోతుంది. రోలర్ దగ్గర కవరు వంగాలి. వంగేదైతే వంగి మళ్లీ సాపు అవుతుంది. లోపల టాప్‌లోడర్ లాంటి బిరుసు వస్తువు ఉంటే కవరు వంగినా అది వంగదు. దాని మూల కాగితాన్ని చించుకుని బయటికి వస్తుంది. షిఫ్టు అయ్యాక మెషిన్ కింద ఊడ్చేటప్పుడు కవరు లేకుండా ఒంటరిగా పడి ఉన్న కార్డులు చూశాను. ఎవరివో తెలీదు, ఎవరికి వెళ్లాలో తెలీదు. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అయితే మరీ మెత్తగా ఉంటే మీ మగ్వైర్ లాగా కార్డే మడత పడుతుంది. కాబట్టి కవర్లో పంపేటప్పుడు కొంచెం వంగి మళ్లీ నిలబడే మెత్తటి హోల్డర్ వాడండి, కార్డ్ సేవర్ అంటారు. అందులో పెట్టి, మామూలు కాగితం మధ్యకి మడిచి ఆ మడతలో ఉంచి, కాగితానికే టేపుతో అతికించండి. కార్డు కవర్లో ఒక మూలకి జారకూడదు. జారితే ఆ మూల ఒక్కటే లావై మెషిన్ అక్కడే పట్టేస్తుంది. కవరంతా ఒకే మందం ఉండాలి.

కవరు మీద "వంచవద్దు" అని పెద్దక్షరాలతో రాయడం వల్ల ఏమీ కాదు. మెషిన్ చూసేది అడ్రసు, బార్‌కోడ్ మాత్రమే. బిరుసుగా ఉన్న ఉత్తరాన్ని చేత్తో వేరుచేయాలంటే దానికి అదనపు పోస్టేజీ కట్టాలి.

సెంటరింగ్ | శనివారం మధ్యాహ్నం 1:58

అన్నా, ఇది నాకు తెలీదు. ఇంతవరకు ఏం కాకపోవడం నా అదృష్టం అన్నమాట. ఇవాళ్టి నుంచి మార్చేస్తున్నా.

పాతబొమ్మలు | ఆదివారం తెల్లవారుజామున 1:30 (హైదరాబాద్ సమయం)

మలక్‌పేట నుంచి నమస్తే. నాది క్రికెట్ కార్డుల పిచ్చి. ఈ సంభాషణ చదువుతుంటే చిన్నతనం గుర్తొచ్చింది. బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి కదా. కపిల్ దేవ్, అజహరుద్దీన్, అందరూ నా దగ్గర ఉండేవారు. వాటిని నేను ఏం చేశానో తెలుసా? లెక్కల నోటుబుక్కులో అన్నం మెతుకులతో అంటించాను. మొన్న అమ్మ పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం బయటపడింది. బొమ్మల వెనక మెతుకు గట్టిపడి పసుపు మరక దిగింది, రెండు మూడింటిని పురుగు తినేసింది. విప్పబోతే కాగితంతో సహా ఊడింది. కొనేవాళ్ల లెక్కలో వాటికి విలువ సున్నా. నా లెక్కలో ఆ పుస్తకం నేను ఎవరికీ ఇవ్వను.

ఇప్పుడు ఫ్యూటెరా వాళ్ల 1990ల నాటి ఆస్ట్రేలియా కార్డులు కొంటుంటాను. ఇక్కడ మన ఈబే సైటు 2018లో మూతపడ్డాక డాలస్‌లో ఉన్న అన్నయ్య అడ్రసుకి తెప్పించుకుంటున్నాను. ఆయన వచ్చేటప్పుడు చేతి సంచిలో తెస్తారు, సూట్‌కేసులో పెట్టనివ్వను. అమ్మేవాళ్లకి నా మనవి ఒక్కటే. కొన్నవాడు ఆ కార్డుని వెంటనే విప్పకపోవచ్చు. నాది ఒక్కోసారి ఆర్నెల్లు అన్నయ్య ఇంట్లో ఆ కవర్లోనే ఉంటుంది. అంతకాలం ఆగినా చెడిపోనట్టు ప్యాక్ చేయండి. అంటుకునేది ఏదీ కార్డుకి తగలకూడదు.

బేస్‌మెంట్‌నాన్న | శనివారం రాత్రి 8:15

పాతబొమ్మలు గారూ, అన్నం మెతుకుల దగ్గర ఆగిపోయాను. మాదీ అదే కథ, తెనాలిలో. మీ సలహా గుర్తు పెట్టుకుంటా.

ట్రౌట్ కార్డు వెనక చూశాను. యూఎస్175. కిటికీ దగ్గర పెట్టి ఫొటోలు తీశాను. మూడు మూలలు కత్తిలా ఉన్నాయి. కుడివైపు కింది మూల మాత్రం కొంచెం మెత్తబడింది, పొర రేగినట్టు తెల్లగా కనబడుతోంది. వాడప్పట్లో ఆ కార్డుని జేబులో పెట్టుకుని స్కూలుకి వెళ్లేవాడు. దీన్ని గ్రేడింగ్‌కి, అంటే కార్డు స్థితి చూసి పదికి మార్కులు వేసేవాళ్లకి పంపమంటారా? పదికి పది వస్తే ఎక్కడికో పోతుందని యూట్యూబ్‌లో చూశాను.

సెంటరింగ్ | శనివారం రాత్రి 8:40

అంకుల్, ఫొటో పెద్దది చేసి చూశా. పది రాదు. ఆ మూల ఒక్కటి చాలు కిందికి లాగడానికి. నా అంచనా ఏడు, మహా అయితే ఎనిమిది. గ్రేడింగ్ కంపెనీ పీఎస్‌ఏకి పంపాలంటే ఒక్కో కార్డుకి ఇరవై డాలర్ల పైనే ఫీజు, పైగా రానూపోనూ పోస్టేజీ, బీమా, ఎన్ని వారాలో నెలలో ఎదురుచూపు. 2021 మార్చిలో అయితే జనం పంపిన కార్డుల కుప్ప తట్టుకోలేక వాళ్లు చాలా సర్వీసులు కొన్నాళ్లు ఆపేశారు కూడా. తొమ్మిదీ పదీ వస్తాయన్న కార్డుకి ఆ ఖర్చు గిట్టుతుంది. మీదానికి గిట్టదు. ఇలాగే అమ్మేయండి.

గ్రిఫీ అయితే ఇంకో కథ. అది అప్పర్ డెక్ మొట్టమొదటి బేస్‌బాల్ సెట్టు, అందులో మొదటి నంబరు కార్డు. అందరూ అప్పుడే జాగ్రత్తగా దాచుకున్నారు. గ్రేడింగ్‌కి అత్యధికంగా వెళ్లిన కార్డుల్లో అదొకటి, పది వచ్చినవే వేల సంఖ్యలో ఉన్నాయి. అందుకని అందరికీ తెలిసిన కార్డే అయినా ఆకాశాన్నంటే ధర ఉండదు. ఆయన తల మీద మెరీనర్స్ జట్టు టోపీ ఉంది చూడండి, అది నిజానికి ఫొటో మీద దిద్దింది. అసలు ఫొటో శాన్ బెర్నార్డినో జట్టులో ఉన్నప్పటిది.

టెక్సాస్‌మామ | శనివారం రాత్రి 9:10

గ్రేడింగ్ సంగతి కుర్రాడు సరిగ్గా చెప్పాడు. నేను చెప్పేది ఆ మూల గురించి. దాన్ని దాచకండి. ఆ మూల ఒక్కదాన్నే దగ్గర్నుంచి ఫొటో తీసి, వర్ణనలో మొదటి వాక్యంగా రాయండి: "కుడి కింది మూల మెత్తబడింది, మూడో ఫొటో చూడండి." ధర తగ్గుతుందని భయం వద్దు. కొనేవాళ్లకి కావలసింది నమ్మకం. లోపం చూపించినవాడు మిగతాదంతా నిజమే చెబుతున్నాడని వాళ్లకి అర్థమవుతుంది. పైగా "మీరు చెప్పినట్టు లేదు" అని తర్వాత వెనక్కి పంపే అవకాశం తగ్గుతుంది.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. నాలుగేళ్ల కిందట ఒక బాస్కెట్‌బాల్ కార్డు 340 డాలర్లకి అమ్మాను. రెండు వారాలకి "మూల దెబ్బతింది" అని వాపసు వచ్చింది. విప్పి చూస్తే అదే ఆటగాడు, అదే సంవత్సరం, కానీ నేను పంపిన కార్డు కాదు. నా దాంట్లో వెనకవైపు పైన ముద్రణలో చిన్న నల్ల చుక్క ఉండేది. వచ్చినదాంట్లో లేదు. ఆ చుక్క నాకు బాగా గుర్తు, కానీ నేను తీసిన ఫొటోల్లో వెనకవైపు లేదు. నిరూపించలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి కార్డుకీ ముందు, వెనక, నాలుగు మూలలు స్కాన్ చేస్తాను. 100 దాటిన కార్డైతే టాప్‌లోడర్‌లో పెట్టడం నుంచి మెయిలర్ మూసి లేబుల్ అంటించేదాకా ఫోన్‌లో ఒకటే వీడియో, మధ్యలో ఆపకుండా. రెండు నిమిషాల పని. 750 డాలర్లు, ఆపైన అయితే సంతకం తీసుకుని ఇచ్చే డెలివరీ తప్పనిసరి, లేకపోతే ఈబే రక్షణ మీకు వర్తించదు.

కొత్తగావచ్చా | ఆదివారం ఉదయం 7:50

నేనూ మొదలుపెడదామనుకుంటున్నా. ఒక డౌట్. 99 సెంట్లకి మొదలుపెడితే ఎవరూ పాడకపోతే ఏంటి పరిస్థితి? మా బావమరిది చేత రెండు మూడు పాటలు పాడించి పెంచొచ్చా?

టెక్సాస్‌మామ | ఆదివారం ఉదయం 8:20

వద్దు తమ్ముడూ. అది మోసం. ఈబే నియమాల ప్రకారం కూడా నిషేధం, పట్టుబడితే అకౌంటు పోతుంది. అవతల పాడేవాడు తన కష్టార్జితంతో పాడుతున్నాడు.

ఈ వేలం ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ ఆలోచనే రాదు. బాలాపూర్ లడ్డూ వేలం చూశావు కదా, ఇంకెవరూ పాడేవాళ్లు లేరన్నప్పుడు ముగుస్తుంది. ఇక్కడ అలా కాదు. గడియారం ఆగినప్పుడు ముగుస్తుంది. అందుకే వారం రోజులు నిద్రపోయి చివరి పది సెకన్లలో పాడతారు. నువ్వు 60 దాకా అని చెప్పి పెట్టావనుకో, అవతలివాడు 41 దగ్గర ఆగితే నీకు 42కే వస్తుంది. అంటే ధర తేల్చేది గెలిచినవాడు కాదు, రెండో స్థానంలో ఆగినవాడు. కాబట్టి ఆ చివరి నిమిషంలో ఒకరికి ఇద్దరు గట్టిగా కావాలనుకునేవాళ్లు మెలకువగా ఉండాలి. గ్రిఫీ, ట్రౌట్ లాంటి వాటికి ఉంటారు, 99 సెంట్ల నుంచి ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. ఎవరికీ తెలియని ఆటగాడైతే వేలం వద్దు, ధర కట్టి పెట్టి ఊరుకో. ఏడాదికైనా ఒకడు వస్తాడు.

ముగిసే సమయం ఆదివారం సాయంత్రం పెట్టు. ఈస్ట్ కోస్టులో తొమ్మిది అయితే వెస్టులో ఆరు, అందరూ ఇంట్లో ఉంటారు. కమిషన్ 13 శాతం పైచిలుకు. గుర్తుంచుకో, అది కార్డు ధర మీదే కాదు, కొన్నవాడు కట్టే పోస్టేజీ, ట్యాక్సు కూడా కలిపిన మొత్తం మీద లెక్కేస్తారు.

కొలంబస్‌అక్క | ఆదివారం ఉదయం 9:00

కొత్తగావచ్చా తమ్ముడూ, నువ్వు వీసా మీద ఉంటే ఇంకోటి కూడా చూసుకో. ఇంట్లో ఉన్న పాతవి అమ్ముకోవడం వేరు. లాభానికి కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి చిక్కు. మొదలుపెట్టకముందే లాయర్ని అడుగు. మా బంధువుల్లో ఒకరు గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగారు.

బేస్‌మెంట్‌నాన్న | ఆదివారం మధ్యాహ్నం 12:30

రెండూ పెట్టేశాను, ఇవాళ రాత్రి 9కి మొదలయ్యేట్టు. ఏడు రోజుల వేలం, వచ్చే ఆదివారం రాత్రి 9కి ముగుస్తాయి. ట్రౌట్ వర్ణన మొదటి వాక్యం మామగారు చెప్పినట్టే.

పెద్దాయన పెట్టెల్లో ఇంకా ఎనిమిది వందల దాకా 1987 టాప్స్ ఉన్నాయి, చెక్క రంగు అంచు ఉండేవి. పాతవే కదా, విలువ ఉంటుందా?

సెంటరింగ్ | ఆదివారం మధ్యాహ్నం 12:48

ఉండదు అంకుల్. ఆ సంవత్సరాల్లో లెక్కాపత్రం లేకుండా అచ్చేశారు. అందరూ దాచుకున్నారు, అందుకే ఎవరికీ అక్కర్లేదు. 1952 టాప్స్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అమ్ముడుపోని పెట్టెలు గోడౌన్ నిండా మిగిలిపోతే 1960లో పడవలో తీసుకెళ్లి మీ న్యూజెర్సీ తీరం దగ్గరే సముద్రంలో పారబోశారు. ఆ పని చేయించిన టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పిన సంగతి. అదే సెట్టులోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకి వేలంలో పోయింది.

బేస్‌మెంట్‌నాన్న | సోమవారం రాత్రి 11:05 (ఎనిమిది రోజుల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. నిన్న రాత్రి తొమ్మిదికి ముందు మా ఆవిడా నేనూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం, అబ్బాయి ఫోన్‌లో. ఎంత టెన్షన్ పడ్డామో. గ్రిఫీ మూడు రోజులుగా 31 దగ్గరే ఉంది. చివరి నిమిషంలో 44, చివరి ఐదు సెకన్లలో 58. కమిషన్ పోను 49 దాకా చేతికొస్తుంది. ట్రౌట్ 212న్నరకి పోయింది. మూల చూపించిన ఫొటో గురించి ముగ్గురు మెసేజీ పెట్టి అడిగారు, ముగ్గురికీ ఇంకా దగ్గర్నుంచి తీసి పంపాను. గెలిచింది ఆ ముగ్గురిలో ఒకరే.

ఇవాళ ఆఫీసు నుంచి రాగానే డైనింగ్ టేబుల్ తుడిచి, చేతులు కడుక్కుని ఆరబెట్టుకుని కూర్చున్నాను. అక్క చెప్పినట్టు స్లీవ్ మూల కత్తిరిస్తే కార్డు నిజంగానే జారిపోయింది. అలలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ఊపి చూస్తే చప్పుడు లేదు. మా ఆవిడ వీడియో తీసింది. ట్రౌట్ లోపలికి వెళ్లేముందు అబ్బాయి వీడియో కాల్‌లో ఒకసారి చూపించమన్నాడు. చూశాడు, "సరే, మూసేయండి" అన్నాడు.

ఇంకో విషయం. పెద్దాయన రెండో పెట్టె అడుగున 1985వి ఒక కట్ట రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. పైదానికీ కిందిదానికీ రబ్బరు గాట్లు పడ్డాయి కానీ మధ్యలోవి బాగున్నాయి. అందులో ఇంకో మగ్వైర్ దొరికింది. అంచులు కూడా ముందుదాని కంటే మేలు. మొదటి కార్డు కొన్నాయనకి ఈబేలోనే మెసేజీ పెట్టాను, డబ్బు వద్దు, ఇది తీసుకోండి అని. దాన్ని కూడా టాప్‌లోడర్‌లో పెట్టి బబుల్ మెయిలర్‌లోనే పంపుతున్నాను.

ఉత్తరాలపెట్టె | మంగళవారం తెల్లవారుజామున 3:20

షిఫ్టు విరామంలో చదివాను. చాలా సంతోషం అనిపించింది సార్. రబ్బరు బ్యాండ్లు మాత్రం అన్నీ ఇవాళే తీసేయండి, వేసవిలో కరిగి కార్డులకి అంటుకుంటాయి.

బేస్‌మెంట్‌నాన్న | శనివారం ఉదయం 10:15

తీసేశానండీ, అదే రోజు. గ్రిఫీ, ట్రౌట్ రెండూ క్షేమంగా చేరాయి. 1987 కార్డులు వీధి చివర ఇంటి పిల్లలకి ఇచ్చేశాను, అప్పుడే మార్పిడులు మొదలుపెట్టారు.

మగ్వైర్ ఆయన నిన్న రాత్రి ఫొటో పంపారు. ఆల్బమ్‌లో తొమ్మిది అరల పేజీ. ఎనిమిది కార్డులు ముందే ఉన్నాయి, నడిమి అరలో మనం పంపింది. నీలం టేపు ముక్క కూడా పక్కన పెట్టి ఫొటో తీశారు, ఊడదీయడం చాలా సులువైందట.

కొలంబస్‌అక్క | శనివారం ఉదయం 10:32

ఆ ఫొటో ఇక్కడ కూడా పెట్టండి అన్నయ్యా, ఆయన సరేనంటేనే. ఆ పేజీలు ఏ కంపెనీవో కూడా అడిగి చెప్పండి, మా వాడి ఆల్బమ్‌లో పేజీలు పచ్చబడుతున్నాయి.